1708వ సంవత్సరము: మంజీరాతీరమునుండి ఒక చూపు

చరిత్ర పాఠమన్నచో మన విద్యార్థులు సాధారణముగా రెండు ఆక్షేపణలు చెప్పుచుందురు. సంవత్సరములను వల్లెవేయుట వ్యర్థశ్రమ యనునది మొదటిది. చరిత్ర యనునది ఢిల్లీలోను, ఆగ్రాలోను, లండనులోను జరిగినదే గాని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములకు దానితో సంబంధము లేదనునది రెండవది. తలిదండ్రులలో గూడ ననేకు లీ మాటనే నమ్మియున్నారు. మన యూరిలో నేమి జరిగినది, వానలు కురిసినవి, పంటలు పండినవి, కరవులు వచ్చినవి, అంతియే కదా యని వారందురు.

ఈ రెండు ఆక్షేపణలును పొరపాటనియే మా యభిప్రాయము. దానిని నిరూపించుటకు పెద్ద గ్రంథములు తిరుగవేయ నక్కరలేదు. ఒక్క సంవత్సరమును దీసికొని, మన మంజీరానది యొడ్డున నిలిచి, నలుదిక్కులు పారజూచిన చాలును. మేము క్రీస్తుశకము 1708వ సంవత్సరమును ఎన్నుకొనుచున్నాము. తెలుగు లెక్కను అది సర్వధారి. ఈ యేడు మన పాఠ్యపుస్తకములలో పెద్ద యక్షరములతో నుండదు. ఆ యేట గొప్ప సామ్రాజ్యమేదియు పుట్టలేదు, కూలనూ లేదు. అయినను ఆ పండ్రెండు నెలలలో మన చుట్టుప్రక్కల జరిగిన కార్యములను వరుసగా నుంచి చూచినచో, ఎవరిని గొప్పవారనవలెను, ఎవరిని జ్ఞాపకముంచుకొనవలెను అను ప్రశ్న మన యెదుట నిలుచును. ఆ ప్రశ్నకొరకే యీ వ్యాసము.

మొదట నాటి దేశస్థితి కొంచెము తెలిసికొనవలెను. 1687లో గోలకొండ కోట ఔరంగజేబునకు వశమైనది. కుతుబుషాహీల యేలుబడి యంతరించి, తెలంగాణము మొగలుల సుబా ఆయెను. యుద్ధములకు ధనము కావలెను గనుక పన్నులు పెరిగెను. 1702 మొదలు 1704 వరకు దక్కనులో ఘోరమైన క్షామమును, మహమ్మారియు వ్యాపించెను. 1707 మార్చి 3వ తేదీన ఔరంగజేబు అహమ్మదునగరులో మరణించెను. వెంటనే ఆయన కుమారులు మువ్వురును సింహాసనమునకై కత్తులు దూసిరి. జ్యేష్ఠుడైన ముఅజ్జము అదే సంవత్సరము జూనులో ఆగ్రా చేరువనున్న జాజౌ వద్ద తమ్ముడగు ఆజముషాను సంహరించి, బహదూరుషా యను పేర చక్రవర్తి యాయెను. మిగిలిన తమ్ముడు కాంబక్షు. అతడు హైదరాబాదు చేరి, తానే పాదుషాననుకొని, తన పేర నాణెములు ముద్రింపించెను.

ఇక 1708వ సంవత్సరపు కథ.

ఆ యేడు మొదలుననే, జనవరి 12వ తేదీన, సతారాలో శివాజీ మనుమడగు సాహూ పట్టాభిషిక్తు డాయెను. పసితనమునుండి మొగలుల చెరలో పెరిగిన యీ రాజకుమారుడు ఔరంగజేబు మరణానంతరమే విడుదల పొందెను. ఈయన కాలముననే పీష్వాల ప్రాబల్యము మొదలై, చౌతు వసూలు చేయు మరాఠా రౌతులు గోదావరి దాటి మన పల్లెలవరకు వచ్చిరి. సతారాలో ఒకడు కిరీటము ధరించినచో మంజీరాతీరపు రైతు గాదెలో గింజలు తగ్గుట యెట్లో యిందువలన తెలియును.

హైదరాబాదులో కాంబక్షు పాలన యట్లు కాదు, భయముతో నిండిన పాలన. అనుమానము మనస్సున జొరబడిన ప్రభువునకు మిత్రుడెవడు, శత్రువెవడు? తనకు నగరమును అప్పగించిన సుబేదారు రుస్తుం దిల్ ఖానునే యతడు చంపించెను. తన పక్షమున యుద్ధము చేయగల సేనానులనే హింసించెను. అన్న దండెత్తి వచ్చుచున్నాడని తెలిసియు సైన్యమును కూడగట్టుకొన జాలక, ఉన్నవారిని గూడ దూరము చేసికొనెను. బహదూరుషా నర్మదయు, తాపియు దాటి, గోదావరీతీరమున నాందేడువద్ద విడిసి, అచ్చటనుండి హైదరాబాదునకు కదలెను.

విద్యార్థులు ఇచ్చట పటమును ముందుంచుకొని చూడవలెను. మంజీర బీదరు ప్రక్కగా తూర్పునకు పారి, సంగారెడ్డి మీదుగా మెదకు వైపు వచ్చి, అచ్చట ఉత్తరమునకు తిరిగి, నేటి నిజాంసాగరములో నిండి, కందకుర్తివద్ద గోదావరిలో కలియును. విల్లువలె వంగిన యీ నదికి లోపలివైపున కౌలాస దుర్గమున్నది. వెలుపలివైపున ఎల్లారెడ్డియు, కామారెడ్డియు నున్నవి. నాందేడునుండి హైదరాబాదునకు నేరుగా వచ్చు త్రోవ మంజీరను దాటును. కనుక 1708 చివరను ఆ మహాసైన్యము, దాని వెంట ఏనుగులు, ఒంటెలు, ఎడ్లబండ్లు, అంగళ్లు, వేలకొలది పరివారము, మన నదిని ఏదో యొకచోట దాటి పోయియుండవచ్చును. అట్టి దండు ఒక పల్లె ప్రక్కగా పోయినచో ఆ పల్లె పశువులకు గడ్డి మిగులునా, చెరువులో నీరు మిగులునా యని యోచింపుడు. చరిత్రతో మనకు సంబంధము లేదనువారికి ఇదియే మొదటి సమాధానము.

1709 జనవరి 13వ తేదీన హైదరాబాదు వెలుపల జరిగిన పోరాటమున కాంబక్షు తీవ్రముగా గాయపడి పట్టుబడి, కొలది గంటలలోనే మరణించెను. అన్న గెలిచెను. కాని ఆ గెలుపు ఎన్ని నాళ్లు? 1712 ఫిబ్రవరిలో బహదూరుషా లాహోరులో కాలధర్మము నొందగానే ఆయన నలుగురు కుమారులును అదే విధముగా ఒకరితో నొకరు పోరిరి. గెలిచినవాడు ఏడాది తిరుగక మునుపే హతుడాయెను. వాని తరువాత వచ్చినవాడును 1719లో హతుడాయెను. 1724లో నిజాముల్ ముల్కు దక్కనును తన స్వాధీనము చేసికొనగా, హైదరాబాదుపై ఢిల్లీ యధికారము పేరునకు మాత్రమే మిగిలెను. ఇది రాజుల కథ. పరీక్షలలో మార్కులు వచ్చునది సామాన్యముగా దీనికే.

అదే 1708లో, ఆ యుగాది వెళ్లిన కొలది దినములకే, రాజవంశమునకు చెందని యొకడు తెలంగాణమును కంపింపజేసెను. అతడే సర్వాయి పాపన్న. జనగామ ప్రాంతమువాడు, కల్లుగీత కులమున బుట్టినవాడు. కులవృత్తి వదలి, అనుచరులను గూర్చుకొని, షాపురమున కోట కట్టి, బాటసారులను, వర్తకులను, ధనవంతులను దోచుచు బలపడెను. వానిని అణచుటకై వచ్చిన సుబేదారే లంచము పుచ్చుకొని మరలిపోయెనని చెప్పుదురు. మార్చి 31వ తేదీ రాత్రి, మొహరము పదవనాటికి ముందురేయి, పాపన్న రెండు మూడు వేల కాల్బలముతోను, నాలుగైదు వందల రౌతులతోను ఓరుగల్లు చేరెను. నగరవాసులు తెల్లవారి జరుగవలసిన పీరుల యూరేగింపు సన్నాహములో మునిగియుండిరి. పాపన్న మనుష్యులు త్రాళ్లు వేసి గోడలెక్కి, ద్వారములు తెరచి, రెండు మూడు దినములు నగరమును కొల్లగొట్టిరి. ధనము మాత్రమే కాదు, కలిగినవారి భార్యలను, బిడ్డలను గూడ చెరపట్టి తీసికొనిపోయిరి. జూను 1వ తేదీన భువనగిరిపై నిట్లే పడిరి. అదియు పండుగ పూటయే.

1709 జనవరిలో మరియొక వింత జరిగెను. కాంబక్షును జయించి హైదరాబాదులో దర్బారు తీర్చిన బహదూరుషాకు పాపన్న పదునాలుగు లక్షల రూపాయలు కానుక సమర్పించి, ప్రతిగా చక్రవర్తిచేత ఖిల్లతు, అనగా గౌరవవస్త్రము, పొందెను! కల్లుగీత కులమువాడు పాదుషా దర్బారున సన్మానితుడగుట హైదరాబాదు కులీనులకు తలకొట్టివేసినట్లాయెను. చెరపట్టబడిన స్త్రీల బంధువులు షా ఇనాయతు నాయకత్వమున మొరపెట్టుకొనిరి. అంతట చక్రవర్తి మనసు మార్చుకొని, పాపన్నను పట్టుకొనుమని హైదరాబాదు సుబేదారగు యూసుఫ్ ఖానుకు ఉత్తరువు చేసెను. 1710లో పాపన్న పట్టుబడి వధింపబడెను.

ఈ పాపన్న విషయముననే మన తలిదండ్రులలోను, ఉపాధ్యాయులలోను రెండు తెగల యభిప్రాయములు కలవు. వాడు దొంగ, పిల్లలకు వాని కథ చెప్పరాదని కొందరందురు. వాడు వీరుడు, వానిపై ఒక్క ఆక్షేపణయు వినరాదని మరికొందరందురు. మొదటివారికి ఆధారము కాఫీఖాను అను పారసీక చరిత్రకారుని గ్రంథము. రెండవవారికి ఆధారము పల్లెపల్లెను పాడబడిన పాపన్న కథ. 1874లో బాయిలు అను దొర యీ కథను ఇంగ్లీషు పత్రికలో ప్రకటించెను. మన తెలంగాణములో శారదకాండ్రు దీనిని తరతరములుగా పాడుచు వచ్చిరి. ఆ పాటలో పాపన్న వెంట చాకలియు, మంగలియు, కుమ్మరియు, మేదరియు, దూదేకులవాడును గలరు. హిందువులును గలరు, తురకలును గలరు. ఎవరికి గ్రామములో పీట వేయరో వారందరును వాని వెంట నడచిరి. అందుచేతనే ప్రభుత్వ పత్రములలో దొంగయైనవాడు ప్రజల నోట వీరుడాయెను. నేడు తెలంగాణ ప్రభుత్వమే యాగస్టు 18వ తేదీన వాని జయంతి జరుపుచున్నది.

మా యభిప్రాయ మేమనగా, ఈ రెండు తెగలవారును పిల్లలకు సగము సత్యమునే చెప్పుచున్నారు. కాఫీఖాను వ్రాసినదంతయు శత్రువు వ్రాతయని త్రోసివేయుదమా? అట్లైనచో ఓరుగల్లులో చెరపట్టబడిన ఆడువారిని, పసివారిని మనమును రెండవమారు చెరలోనికి త్రోసినవార మగుదుము. వారి యేడుపు ధనవంతుల యింటి యేడుపైనంత మాత్రమున అబద్ధము కాదు. అట్లని పాటను త్రోసివేయుదమా? అట్లైనచో, తల యెత్తి నడువరాదని శాసింపబడిన వేలకొలది మనుష్యులు ఒక గీతవాని వెంట ప్రాణములకు తెగించి యేల నడచిరో మనకెన్నడును తెలియదు. కూలి దొరకని గ్రామము, క్షామము, పన్ను, లంచము పుచ్చుకొను అధికారి, ఇవన్నియు కలిసినచోటనే పాపన్న వంటివాడు పుట్టును. పాపన్నను దొంగ యని కొట్టివేయుట సులభము. వాడు బలవంతుడగుటకు దారి యిచ్చినవా రెవరని యడుగుట కష్టము. పిల్లలకు నేర్పవలసినది ఆ కష్టమైన ప్రశ్నయే.

ఇందులో మరియొక యపాయమున్నది. దానిని దాచక చెప్పుదుము. ఒక కులపు బాలునికి వాని కులమున బుట్టినవాడు దొంగయని మాత్రమే బోధించినచో వాడు తరగతిలో తల వంచుకొని కూర్చుండును. మావాడు దోషరహితుడని మాత్రమే బోధించినచో వాడు ఇతరులను లెక్కసేయడు. సిగ్గును, గర్వమును రెండును చదువునకు శత్రువులే. చరిత్రపాఠము పిల్లవానికి పౌరుషమును కాదు, న్యాయముగా తీర్పు చెప్పు శక్తిని ఇయ్యవలెను. తనవాని తప్పును తప్పనుట, పరునివాని మేలును మేలనుట చేతగానివానికి సంవత్సరములెన్ని కంఠస్థమైనను ఏమి ప్రయోజనము?

ఇప్పుడు నాందేడునకు పోదము. కామారెడ్డి స్టేషనులో రైలెక్కి, నిజామాబాదు, బాసర, ముద్ఖేడు దాటినచో నాందేడు వచ్చును. 1708లో బహదూరుషా దండుతో గలసి దక్షిణమునకు వచ్చిన సిక్కుల పదవ గురువు గోవిందసింగు అచ్చటనే గోదావరి యొడ్డున నిలిచిపోయెను. ఆయన కుమారులు నలుగురును అంతకు ముందే మొగలులతోడి కలహములలో ప్రాణములు కోలుపోయియుండిరి. అయినను ఆ మొగలుల చక్రవర్తితోనే మాటలాడి న్యాయము పొందగోరి యింత దూరము వచ్చెను. నాందేడులోనే మాధోదాసను బైరాగి ఆయనకు శిష్యుడాయెను. వాడే పిమ్మట బందా బహదూరు అను పేర ప్రసిద్ధి నొంది, పంజాబునకు పోయి, 1710లో సర్హిందును గెలిచెను. గురువును మాత్రము ఒక పఠాను కత్తితో పొడిచెను. ఆ గాయముచేతనే అక్టోబరు 7వ తేదీన ఆయన దేహము చాలించెను.

అంత్యకాలమున ఆయన చేసిన నిర్ణయము మిక్కిలి గంభీరమైనది. తన తరువాత మనుష్యుడెవ్వడును గురువుగా నుండడనియు, గ్రంథమే గురువనియు ఆజ్ఞాపించెను. బాలకులారా, ఇచ్చట కొంచెము నిలిచి యోచింపుడు. అదే నెలలో, అదే దేశమున, ఒక చక్రవర్తి తన తమ్ముని చంపి సింహాసనమును నిలుపుకొనుటకై దండెత్తి పోవుచున్నాడు. అదే శిబిరముతో వచ్చిన మరియొకడు తన పీఠమును ఎవరికిని ఇయ్యక ఒక పుస్తకమున కిచ్చెను. మొదటివాని వంశములో పీఠమునకై రక్తము కారుట తప్పలేదు. రెండవవాని పీఠమునకై యుద్ధము చేయవలసిన పనియే లేకపోయెను. 1832 మొదలు 1837 వరకు పంజాబు ప్రభువగు రణజితుసింగు నాందేడులో గురుద్వారమును కట్టించెను. నేటికిని లక్షలకొలది జనులు అచ్చటికి వచ్చుచున్నారు. కాంబక్షు సమాధి నెవరు వెదకుచున్నారు?

ఇక తూర్పు తీరమునకు చూపు మరల్పుదము. ఆ 1708లోనే ఇంగ్లీషు వర్తకుల కంపెనీలు రెండును, అనగా పాతదియు క్రొత్తదియు, తమ పోటీ మాని పూర్తిగా ఏకమైనవి. చెన్నపట్టణపు గవర్నరు తామసు పిట్టు అదే యేట నవాబునుండి తిరువొత్తియూరు, నుంగంబాకము మొదలగు అయిదు గ్రామములను సంపాదించెను. ఈ పిట్టుదొర మన కృష్ణాతీరపు గనులలో దొరకిన గొప్ప వజ్రము నొకదానిని 1702లో కొని, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి ఎన్నో రెట్లు ఎక్కువ ధరకు అమ్మినవాడు. ఆ వజ్రమిప్పుడు పారిసు నగరపు లూవ్రు మ్యూజియములో నున్నది. ఆ వజ్రపు లాభముతో వర్ధిల్లిన పిట్టు కుటుంబమున, 1708 నవంబరు 15వ తేదీన, లండనులో విలియం పిట్టు జన్మించెను. ఈతడే యేడేండ్ల యుద్ధకాలమున ఇంగ్లండునకు నాయకుడై, ఆ దేశపు అధికారమును హిందూదేశమునందును, అమెరికాయందును విస్తరింపజేసెను. తెలుగు కూలివాడు భూమిని త్రవ్వి తీసిన రాయి ఎచ్చటనో యొక యింటిని నిలబెట్టెను. ఆ యింట బుట్టినవాడు తిరిగి మన దేశపు గతినే మార్చెను. రాయి తీసిన కూలివాని పేరు ఏ పుస్తకమునను లేదు.

ఢిల్లీ రాజకుమారులు కత్తులు దూయుచుండగా వర్తకులు కలహము మాని కలిసిపోయిరి. అయిదు గ్రామములను సంపాదించుటకు వారు యుద్ధము చేయలేదు. పెద్ద సైన్యము పోయిన త్రోవనే చరిత్ర పోవునని అనుకొనువారు ఈ చిన్న బేరమును లెక్కపెట్టరు. కాని తుదకు దేశము ఎవరి చేతిలోనికి పోయినదో అందరికిని తెలిసినదే.

తీరముననే మరికొంత దక్షిణమున, డేనులకు చెందిన తరంగంబాడి రేవులో, బర్తలోమయ్య జీగన్‌బాల్గు అను జర్మను యువకుడు 1706లో దిగి అరవము నేర్చుకొనియుండెను. 1708 అక్టోబరు 17వ తేదీన, నాందేడులో గురువు మరణించిన పదవనాడు, అతడు క్రొత్త నిబంధనను అరవములోనికి తర్జుమా చేయ మొదలుపెట్టెను. నవంబరులో అచ్చటి దొరతనమువారే, తన సొంత రాజు కొలువులోని వారే, అతనిని చెరసాలలో వేసిరి. నాలుగు నెలలు అందుండెను. విడుదలయైన పిదప మరల పనిలో దిగి 1711లో తర్జుమా ముగించెను. అతని వెనుక వచ్చిన బెంజమిను షుల్జు తెలుగు నేర్చి వ్రాసిన చిన్న పుస్తకములు 1746వ సంవత్సర ప్రాంతమున జర్మనీ దేశపు హాల్లె నగరములో అచ్చుపడినవి. తెలుగు అక్షరములు అచ్చు మొగము చూచుట అదియే మొదలు. మతము మాట యటుంచుడు. పరభాషను పట్టుదలతో నేర్చి, దానిలో పుస్తకము చేయుట యను కార్యము ఏ కోటను పట్టుకొనుటకంటెను తక్కువది కాదని మేము చెప్పుచున్నాము.

కొందరు పెద్దలు మమ్ము ఇట్లు ప్రశ్నింపవచ్చును: "ఈ పద్ధతిని పాఠము చెప్పినచో పిల్లలు పరీక్ష కెట్లు కూర్చుందురు? రాజుల వరుస రాకున్న మార్కులెట్లు వచ్చును?" ఈ మాటలో న్యాయము లేకపోలేదు. రాజుల వరుసయు, తేదీలును అక్కరలేదని మేమనము. ఎముకలు లేక శరీరము నిలువదు. కాని ఎముకలనే శరీరమని చూపినచో పిల్లలు భయపడుదురు, లేక విసుగుదురు. తేదీ యనునది గూటము వంటిది. దానికి కట్టవలసిన పశువును కట్టక, గూటములనే వరుసగా పాతుకొనుచు పోయినందున ఏమి లాభము? 1708 అను నాలుగంకెలకు కాంబక్షును, పాపన్నను, గోవిందసింగును, పిట్టును, జీగన్‌బాల్గును కట్టి చూపుడు. ఆ యంకెను ఏ బాలుడును మరువడు.

రెండవ యాక్షేపణ: "ఇవన్నియు ఓరుగల్లు, నాందేడు, చెన్నపట్టణపు సంగతులే గదా, మన కామారెడ్డివి యేవి?" నిజమే. కాని యందుకు కారణము మన యూళ్లలో ఏమియు జరుగకపోవుట కాదు. వ్రాసి పెట్టినవారు తక్కువ, వ్రాసినదానిని వెదకువారు అంతకంటెను తక్కువ. కౌలాస దుర్గము మన జిల్లాలోనే యున్నది. ఆ కోట కాకతీయుల కాలము మొదలు మొగలులవరకు ఎన్ని జెండాలను చూచినదో! అసఫ్‌జాహీల కాలమున దానిని రాజపుత్రులేలిరి. వారిలో రాజా దీపసింగు 1857 నాటి తిరుగుబాటుదారులకు తోడ్పడి శిక్షింపబడినవాడు. దోమకొండ కోట కామారెడ్డికి కూతవేటు దూరమున నున్నది. దానిని శ్రద్ధగా బాగుచేసి నిలిపినందుకు 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ పురస్కారము వచ్చినది. పరదేశములవారు గుర్తించిన కోటను ఇరుగు పొరుగు బడుల పిల్లలలో ఎందరు చూచిరి? 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింద పంట పండించుకొనువారిలో, ఆ నీరు నిలిచిన నదిని ఎన్ని సైన్యములు దాటినవో తెలిసినవా రెందరు?

2016 అక్టోబరు 11వ తేదీన కామారెడ్డి ప్రత్యేక జిల్లా యైనది. ఎల్లారెడ్డి అందులో చేరినది. జిల్లా యనగా కచ్చేరీలును, అధికారుల బంగళాలును మాత్రమే కాదు. తన కథ తాను చెప్పుకొనగల్గిన ప్రదేశమే నిజమైన జిల్లా. కావున మేము మూడు చిన్న పనులను సూచించుచున్నాము. ఇందుకు ధనము అక్కరలేదు.

మొదటిది. పై తరగతులలోని ప్రతి విద్యార్థియు తన గ్రామమునకు ఒక నోటుపుస్తకము పెట్టవలెను. అందు ఊరిపేరు ఎట్లు వచ్చినదని పెద్దలు చెప్పుదురో, చెరువు నెవరు త్రవ్వించిరందురో, పాడుపడిన బురుజేదో, గుడిముందరి రాతిమీద అక్షరములున్నవో లేవో వ్రాయవలెను. విన్నదానిని విన్నట్లుగను, చూచినదానిని చూచినట్లుగను వేరువేరుగా వ్రాయవలెను. ఈ భేదము నేర్చినవాడే చరిత్ర నేర్చినవాడు.

రెండవది. ఊరిలో కథలు పాడువారు ఇంకను మిగిలియున్నచో, వారివద్ద కూర్చుండి వ్రాసికొనవలెను. ఇప్పుడు ప్రతి యింటను ఉన్న చేతిఫోనులో వారి కంఠమును గూడ పట్టి యుంచవచ్చును. పాపన్న కథ పాడిన వృద్ధుడు పోయినచో ఆయన వెంట ఒక గ్రంథాలయమంత కథ పోవును. అది మరల ఏ పట్టణపు అంగటను దొరకదు.

మూడవది ఉపాధ్యాయులకు. ఏడాదికొకమారైన, పిల్లలకు ఒక సంఘటననుగూర్చి పరస్పర విరుద్ధమైన రెండు కథనములు ఇచ్చి, "నీవు న్యాయాధిపతివైనచో నేమందువు? ఏల?" అని యడుగుడు. పాపన్నయే అందులకు తగిన యుదాహరణము. ఇట్టి ప్రశ్నకు రెండు పుటలు వ్రాయగల బాలుడు రేపు పంచాయతీలో కూర్చున్నప్పుడు ఒక పక్షపు మాట విని తీర్పు చెప్పడు.

ఈ పనులు చేయుటకు మన పిల్లలకు తెలివి చాలదనువారు పిల్లల నెరుగరు. సెలవులలో గోలీలాడుచు, చెరువుగట్లవెంట తిరుగుచు ఊరిలోని ప్రతి రాతిని ఎరిగినవారు వారే. వారికి కావలసినది ఒక నోటుపుస్తకమును, చెప్పినది శ్రద్ధగా వినెడి పెద్దవాడొకడును.

1708లో మన దేశమున రెండు విధములైన మనుష్యులు సంచరించిరి. తమకొరకు పీఠమును వెదకినవారు కొందరు, తమ వెనుకటివారికొరకు ఏదైన విడిచిపోవలెనని యత్నించినవారు కొందరు. పాపన్న ఈ రెండు తెగలలో దేనికి చెందునో మేము తేల్చి చెప్పము. విద్యార్థులే కథనములు రెండును చదివి తేల్చవలెను. కాని యొక సంగతి మాత్రము నిశ్చయము. ఆ యేట ఖడ్గముతో సంపాదింపబడిన దేదియు నిలువలేదు. ఓరుగల్లు దోపిడి నిలువలేదు, కాంబక్షు నాణెములు నిలువలేదు, బహదూరుషా విజయము నిలువలేదు. గురువు పీఠమెక్కించిన గ్రంథము నిలిచినది, చెర యడ్డగించినను ముగిసిన తర్జుమా నిలిచినది, వ్రాతయే యెరుగనివారు పాడుకొన్న పాట నిలిచినది.

మన బడిలో ఏటేట పలకలు పట్టుకొని చేరువారందరును ఈ నిలుచు సంపదకే వారసులు. వారసత్వము తీసికొనుటకు మాత్రమే కాదు, పెంచుటకును గదా. ఈ సంచిక చేతబట్టిన విద్యార్థులు వచ్చు సంచికకు తమ తమ గ్రామముల కథలను వ్రాసి పంపుదురు గాక! అప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమలకు చరిత్ర లేదనువారికి మేము వేరుగా జవాబు చెప్పవలసిన పని యుండదు.